రాత్రి, పేగు, పురుషుడు

పురుషుడి సంతానశక్తిని అతని ఒక్కడి సొత్తుగా, అతని బలానికి కొలబద్దగా చూడడం అనాదిగా ఉన్నదే. అయితే ఆ శక్తికి రాత్రి చీకటితోనూ పేగులో నివసించే సూక్ష్మజీవులతోనూ సంబంధం ఉందని జీవశాస్త్రం సూచిస్తున్న ఈ కాలంలో, సొంతమనే ఆ భావననే మళ్లీ పరిశీలించవలసి వస్తుంది.

కంటి వెనుక పొర అయిన రెటీనాలో, చూపు కన్నా వెలుగును కొలవడమే ప్రధానమైన పనిగా గల కణాలు కొన్ని ఉన్నాయి. అవి మెలనాప్సిన్ అనే వర్ణకం ద్వారా, ముఖ్యంగా నీలికాంతికి స్పందించి, పగలో రాత్రో మెదడులోని జీవగడియారానికి తెలుపుతాయి. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి స్రవించే మెలటోనిన్, అంటే దేహానికి రాత్రయిందని చాటే హార్మోను, రాత్రివేళ దీపాల వెలుగు తీవ్రమైతే తగ్గిపోతుంది. వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది, నిద్రలో పెరిగి తెల్లవారే వేళకు గరిష్ఠానికి చేరే పురుష హార్మోను టెస్టోస్టెరాన్‌కు ఆ నిద్రే ఆధారం. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 10 మంది యువకులకు వారంపాటు రాత్రికి 5 గంటల నిద్రే దక్కేలా చేసినప్పుడు, వారి పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయిందని 2011లో వెల్లడైంది.

పేగులోకి సూర్యరశ్మి చేరదు, అయినా అక్కడి బాక్టీరియాకు పగలూ రాత్రీ ఉన్నాయి. ఆతిథ్యమిచ్చే దేహం ఏ వేళకు తింటుందో ఆ వేళను బట్టి వాటి సంఖ్య, పని రోజంతా మారుతుంటాయని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2014లో చూపారు. ఖండాంతర ప్రయాణంతో నిద్రవేళలు తారుమారైన మనుషుల మలంలోని సూక్ష్మజీవులను, పుట్టుక నుంచి సూక్ష్మజీవులే లేని ఎలుకలలోకి చేర్చితే అవి లావెక్కాయి, చక్కెరను అదుపుచేసే శక్తి మందగించింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, సూక్ష్మజీవులు లేని ఎలుకలలో టెస్టోస్టెరాన్ తగ్గి, రక్తంలోని హానికర పదార్థాలు వీర్యకణాల తయారీచోటికి చొరకుండా కాపాడే రక్త-వృషణ అవరోధం సడలి ఉన్నట్టు తేలింది. పీచు పులిసినప్పుడు ఏర్పడే బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని ఉత్పత్తి చేసే బాక్టీరియాను ప్రవేశపెట్టగా ఆ అవరోధం తిరిగి బిగిసింది.

ఎలుకలో కనిపించినది మనిషిలోనూ అంతే అని తీర్మానించడం తొందరపాటే, పెరుగు తింటే సంతానం కలుగుతుందనే ప్రకటనలు ఆ తొందరపాటు మీదే బతుకుతాయి. అయినా పేగు, కన్ను, వృషణం వేర్వేరు శాస్త్రాల సరిహద్దుల్లో విడివిడిగా లేవన్న సంగతి మాత్రం బలపడుతోంది, తాత్త్వికంగా ఇది చిన్న విషయం కాదు. పిల్లలు లేరన్న నింద ఇప్పటికీ ముందుగా స్త్రీ మీదే పడే సమాజంలో, సంతానలేమి కేసుల్లో సుమారు సగంలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుందని తెలిసినా పరీక్షకు ముందుగా ఆమెనే పంపుతారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దబోయి, అమెరికా పగటికి అనుగుణంగా హైదరాబాద్‌లో రాత్రంతా తెల్లటి దీపాల కింద పనిచేసే యువకుడి మీదికి మొత్తం నిందను మళ్లించడమూ న్యాయం కాదు. వీర్యకణం తయారై పరిపక్వం కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, వైద్యుడు వీర్యపరీక్ష నివేదికతోపాటు అంతకాలపు పనివేళలనూ అడగాలి, ఆ వేళలను నిర్ణయించిన యాజమాన్యం కూడా ఆ ప్రశ్నకు జవాబుదారీ కావాలి.