దారి ఎవరిని తలచుకుని వేశారు?

వెనుకబడిన దేశాలు ఎదగాలంటే సరుకు తక్కువ ఖర్చుతో, త్వరగా కదలాలని ఆర్థికవేత్తలు చెబుతారు. రోడ్లు, రైళ్లు, గోదాములు, రేవులు బాగుపడితే వ్యాపారం పెరుగుతుంది, వ్యాపారం పెరిగితే పేదరికం తగ్గుతుంది అంటారు. సరిహద్దుల దగ్గర కాగితాల పని తగ్గించి సరుకును త్వరగా వదలాలని ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు 2013లో బాలిలో ఒప్పందం చేసుకున్నాయి. అది 2017లో అమలులోకి వచ్చింది. ఈ మాటల్లో అబద్ధం లేదు. కాని కొండ మీద ఉన్నవాళ్లు అడగవలసిన ప్రశ్న అందులో లేదు. దారి వేసేటప్పుడు ఎవరిని తలచుకుని వేస్తున్నారు?

మన మన్యం చరిత్ర ఈ ప్రశ్నను ఎప్పుడో అడిగింది. 1922లో తిరుగుబాటు రేగడానికి అటవీ చట్టాలు, పోడు మీద ఆంక్షలతో పాటు నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డు పని కూడా ఒక కారణం. గూడెంలో అధికారిగా ఉన్న బాస్టియన్ ఆ పనిని గిరిజనుల చేత అరకొర కూలికి బలవంతంగా చేయించాడు. తర్వాత 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలుమార్గం వచ్చింది. యాభైకి పైగా సొరంగాలు తవ్వి, అనంతగిరి, అరకు కొండల మీదుగా వేశారు. ఎందుకు? బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి, అక్కడి నుంచి జపాన్ వెళ్లడానికి. మన ఊళ్ల పక్క నుంచే పోయింది గాని మన సరుకు కోసం పుట్టిన దారి కాదది. మనుషులెక్కే బండి ఆ పట్టాల మీద తర్వాత చేరిన చుట్టం.

ఇది చదివి రోడ్లే వద్దు అనేవాళ్లు ఉంటారు. పట్నంలో కూర్చుని అడవి అడవిలాగే ఉండాలనేవాళ్లు మరీ ఎక్కువ. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి, గెడ్డలు దాటించి, అంబులెన్సు ఆగిన చోటిదాకా మోసుకెళ్లే ఊళ్లు మనకు ఇంకా ఉన్నాయి. దారి వద్దు అనే మాట డోలీ మోయని భుజానికి తేలిక.

మరి అందరికీ దారి ఎందుకు లేదు? 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ రోడ్ల పథకం మైదానంలో 500 మంది, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికి రోడ్డు అని లెక్క పెట్టుకుంది. మన గూడేల్లో చాలా వాటికి పదిహేను ఇళ్లు కూడా ఉండవు. డబ్బు తక్కువైనప్పుడు ఎక్కువమందికి మేలు జరిగే చోట ముందు ఖర్చు పెట్టాలి అనేది అన్యాయమైన వాదనేమీ కాదు. కాని ఆ వాదన ప్రకారం పదిహేను ఇళ్ల గూడెం వంతు ఎప్పుడొస్తుంది? వరుసలో చివర నిలబెట్టడం వేరు, వరుసలోకే రానివ్వకపోవడం వేరు. మొదటిదాన్ని ఓర్చుకోమని అడగవచ్చు, రెండోదాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఇక ధర సంగతి. కాఫీ పండు కోసిన రోజే పల్పింగ్ చేయాలి. ఆ యూనిట్‌కు సమయానికి చేర్చలేని రైతు పండును అలాగే ఎండబెట్టి తక్కువ ధరకు ఇస్తాడు. ఇక్కడ రోడ్డు నిజంగా డబ్బే. చింతపండు కథ వేరు. వేసవిలో అందరూ ఒకేసారి సంతకు తెస్తారు. లారీ ఊరిదాకా వస్తే షావుకారుకు రవాణా ఖర్చు తగ్గుతుంది. ఆ మిగులు మనకు వస్తుందా? కొనేవాడు ఒక్కడే అయి, వాడి దగ్గరే ముందే అప్పు తీసుకుని ఉంటే పైసా రాదు. రోడ్డు లేనప్పుడు గుర్రం మీద ఉప్పు, ఎండు చేపలు తెచ్చిన వర్తకుడి కష్టానికి కూలి దక్కాలి, కాదనను. కాని రోడ్డు ప్రజల సొమ్ము, అది పోయిన నేల మనది. దాని వల్ల మిగిలినదంతా ఒక్కడి జేబులోకి ఎందుకు పోవాలి? ఒంటి కొనుగోలుదారుడి పట్టు తప్పించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. డిపో తెరిచి, తూకం సరిగా ఉండి, డబ్బు ఆ రోజే చేతికొచ్చే చోట షావుకారు కూడా ధర పెంచుతాడు. లెక్కల మాస్టార్లు కిలో చింతపండు ధర సంతలో ఎంతో, విశాఖ కిరాణా కొట్టులో ఎంతో పిల్లల చేత రాయించి చూడండి. మంచి పాఠమవుతుంది.

అన్నిటికన్నా నాకు వింతగా అనిపించేది చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్యం ఇచ్చింది. 2008 నియమాలు మాత్రం వాటిని నెత్తి మీద, సైకిల్ మీద, తోపుడు బండి మీద తీసుకెళ్లమన్నాయి. మోటారు బండి ఎక్కిస్తే పాత రవాణా నిబంధనలే. సరుకు నీదే, బండి మాత్రం నీది కాదు! ఈ మాట రాసినవాళ్ల ఊహలో ఆదివాసి ఎప్పటికీ నెత్తి మీద మూటతోనే ఉన్నాడు. మూటకు, లారీకి మధ్య ఉన్న లాభం ఎవరిదో వాళ్లు అడగలేదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గ్రామసభ వెదురు తమదేనని పట్టుబట్టి, 2011లో రవాణా పాసుల పుస్తకం తన చేతికి తెచ్చుకుంది. 2012లో నియమాలు మారాయి. తగిన ఏ వాహనంలోనైనా, అడవి బయటికి కూడా తీసుకెళ్లవచ్చు. పర్మిట్ ఇచ్చేది గ్రామసభ వేసిన కమిటీ.

మన మండలంలో ఆ పర్మిట్ పుస్తకం ఎన్ని గ్రామసభల దగ్గర ఉందో ఈసారి సభ కూర్చున్నప్పుడు అడగండి.