పరదేశికి పీట వేయని పండుగ

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 16:9–12

నూరుగురు పిల్లలు ఒకచోట కూడినంత మాత్రమున బడియగునా? ఒకే కప్పు క్రింద కూర్చుండుటయు, ఒకే రంగు దుస్తులు తొడుగుటయు, ప్రతి ఉదయము ఒకే మాటలు పలుకుటయు వారిని ఒక కుటుంబముగా చేయునా? పిల్లలను కన్నవారమును, వారికి బోధించువారమును అయిన మనము దీనిని ఆలోచింపవలసియున్నది.

హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు రహదారి మీద, శంషాబాదునకు ఇవతల, గగన్‌పహాడ్ అను ఊరున్నది. ఫ్యాక్టరీలు గల ఊరు. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచిన తరువాత ఆ ప్రాంతమునకు పని వెదకికొని వచ్చువారు ఎక్కువైరి. ఒడిస్సా, బీహారుల నుండి వచ్చిన కూలివారి పిల్లలకు తెలుగు రాదు. కొందరు సంవత్సరము నడుమ బడిలో చేరుదురు; తండ్రికి పని మారినచో నడుమనే వెళ్లిపోవుదురు. అట్టి పిల్లవానికి ‘ఇది నా బడి’ అను తలంపు ఎట్లు కలుగును?

అయితే ఉదయము అందరును వరుసగా నిలిచినప్పుడు అతనికి తెలిసినది ఒకటి కలదు. కుడిచేయి చాచి పలుకు ప్రతిజ్ఞ అతడు తన ఊరిలో తన భాషలో పలికినదే. దానిని మొదట వ్రాసినవారు మన తెలుగువారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్టణమున ఖజానా అధికారిగా నుండగా 1962లో దానిని తెలుగున వ్రాసిరి. 1965 జనవరి 26 నుండి అది దేశమందలి బడులన్నిటికిని వచ్చెను. ఈ దేశ ప్రజలందరును తనకు తోబుట్టువులని అందులో ప్రతి బిడ్డయు ఒప్పుకొనును.

మరి మధ్యాహ్నము పళ్లెము పట్టుకొని కూర్చున్నప్పుడు ఆ క్రొత్త పిల్లవాని ప్రక్కన ఎవరు కూర్చుందురు? ఉదయము తోబుట్టువన్న నోరే మధ్యాహ్నము అతని మాటతీరును వెక్కిరించిన యెడల ఆ ప్రతిజ్ఞ ఏమాయెను?

కాబట్టి ఇట్టి ఆచారములు వట్టివి, మానివేయుడని కొందరందురు. మనము అట్లనము. ఊరిలో పుట్టిన పిల్లవానికి వీధి కలదు, చుట్టములు కలరు. ఏమియు లేని క్రొత్తవానికే పట్టుకొనుటకు ఒక ఆచారము కావలెను. అయితే ఆచారము జీవముతో నుండుటకు రెండు సంగతులు అవసరము.

మొదటిది, పిల్లవాని ప్రశ్న. పస్కాను నియమించినప్పుడే, దీని భావమేమని పిల్లలు అడుగుదురనియు, పెద్దలు చెప్పవలెననియు దేవుడు ఏర్పరచెను (నిర్గమ. 12:26, 27). మనము అడుగనీయకపోతిమి. సుబ్బారావుగారి పేరు చాలకాలము పుస్తకములలో లేదు. మనుమరాలు పాఠ్యపుస్తకము చదువుచుండగా విని, తన మాటలు దేశమంతట పలుకబడుచున్నవని ఆయన తెలిసికొనిరని చెప్పుదురు. ఆయన 1988లో మరణించిరి.

రెండవది, పరదేశి స్థానము. పండుగలో సంతోషింపవలసినవారిని ధర్మశాస్త్రము లెక్కించినప్పుడు కుమారులతోపాటు దాసుని, పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని చేర్చెను. దూరమున నిలిచి చూడనిమ్మనలేదు, కూడ సంతోషింపవలెననెను. మీరును ఐగుప్తులో దాసులే గదా అని కారణమును చెప్పెను. కొరింథులో అందరును ఒకచోట కూడిరి. కాని ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు మత్తుడాయెను. అది ప్రభువు భోజనము కాదని అపొస్తలుడు గద్దించెను (1 కొరింథీ. 11:20, 21). కడపట వచ్చినవానికి దొరకిన చోటును బట్టియే పండుగ విలువ తెలియును.

ఇది చేయుటకు ధనమక్కరలేదు. క్రొత్త పిల్లవానిని గంట కొట్టనీయవచ్చును. భోజనవేళ నీళ్లు అందించు పని అతనికి ఈయవచ్చును. ఒకనాడు ప్రతిజ్ఞను అతని భాషలో అతడే చెప్పగా తక్కినవారు వెంట పలుకవచ్చును. వేడుక చూచువాడు అతిథి; అందులో పని గలవాడు ఇంటివాడు.

ఈ కొలత మన సంఘములకును చెల్లును. సత్రములో స్థలము లేకపోయెనని ప్రతి క్రిస్మసునకు మన పిల్లలచేత నాటకమాడింతుము. దేవదూతల వేషములు ఏ యిండ్ల పిల్లలకు పోవుచున్నవి? మొన్న వచ్చిన కూలివాని బిడ్డకు గొఱ్ఱెల కాపరి వేషమైనను దొరకినదా? ఈ సంవత్సరము వేషములు పంచకముందే ఆ బిడ్డ పేరు అడిగి వ్రాసికొందము.