తల్లిపక్షిని పోనిమ్ము

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, లూకా 19:1–10



ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ యున్నది. మనము దానిని చదివి దాటిపోవుదుము. త్రోవను పోవువానికి ఒక పక్షిగూడు కనబడినది. తల్లి గ్రుడ్లమీదనో పిల్లలమీదనో కూర్చుండియున్నది. పిల్లలు కావలెనన్న తీసికొనవచ్చును గాని తల్లిని పట్టుకొనరాదనియు, దానిని పోనీయవలెననియు దేవుడు ఆజ్ఞాపించుచున్నాడు. ఆలాగు చేయువానికి మేలును దీర్ఘాయువును కలుగునట. తలిదండ్రులను సన్మానించువారికి చేసిన వాగ్దానము వంటిదే ఒక పక్షిగూటి విషయములోను చేయబడుట ఆశ్చర్యము కాదా?

దేవుడు తినవద్దనలేదు, ఆకలిగొన్నవానిని గద్దింపలేదు. రేపటికి మిగుల్చుమని మాత్రమే చెప్పెను. ఎంత కరవు వచ్చినను బుద్ధిగల రైతు విత్తనపు గింజలను దంచుకొని తినడు గదా!

ఈ ఆజ్ఞను మరచినవారికి ఏమి సంభవించెనో, మరల వారి మనస్సు ఎట్లు తిరిగెనో చూపునట్టి స్థలమొకటి అమెరికా దేశమున నున్నది. కాలిఫోర్నియా రాష్ట్రములో పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున మాంటెరే అను పట్టణము కలదు. అచ్చటి చేపల ప్రదర్శనశాలను గూర్చి నేడు ఆలోచింతము.

1. ఖాళీయైన వల

గత శతాబ్దపు మొదటి సగములో ఆ పట్టణపు తీరవీధి పొడుగున చేపలను డబ్బాలలో పెట్టు కార్ఖానాలు వరుసగా లేచెను. వాటిలో నార్వే దేశస్థుడైన హోవ్డెన్ స్థాపించినది పేరుపొందినది. వారు పట్టినది సార్డీను చేప. మన కోస్తా బెస్తవారు కవళ్లు అని పిలుచు చేపలకు చుట్టమే. 1941–42 కాలములో సుమారు 2,50,000 టన్నుల చేపలు ఆ ఒడ్డుకు చేరెను. అందులో మనుష్యులు తినినది కొంతయే. మిక్కిలి భాగమును యంత్రములలో నలిపి నూనెగాను, కోళ్ల మేతగాను, ఎరువుగాను మార్చివేసిరి.

ఆ కార్ఖానాల ప్రక్కనే ఎడ్ రికెట్స్ అను జీవశాస్త్రజ్ఞుడు చిన్న ప్రయోగశాల నడుపుచుండెను. ఇంతగా పట్టినయెడల చేప నిలువదని ఆయన హెచ్చరించెను. 1948లో ఆయన మరణించునాటికే పట్టుబడి బహుగా తగ్గిపోయెను. 1950 తరువాత కొద్ది యేండ్లలో వలలు ఖాళీగా తేలెను. సముద్రపు నీటి వేడిమిలో కలిగిన మార్పు కూడ దీనికి కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది నిజమే. అయితే చెడ్డకాలము వచ్చినప్పుడు తట్టుకొనుటకు తల్లిచేపలు మిగిలియుండవలసినది, మిగులనీయలేదు. కార్ఖానాలు ఒక్కొక్కటిగా మూతపడెను. 1973లో హోవ్డెన్ కార్ఖానాయు మూయబడెను. తల్లిని పిల్లలను కలిపి పట్టుకొనిన చేతికి కడపట మిగిలినది వట్టి గూడే.

2. మారిన ఇల్లు

ఆ కార్ఖానా యున్న చోటనే 1984 అక్టోబరు 20వ తేదీన చేపల ప్రదర్శనశాల తెరువబడెను. డేవిడ్ పాకర్డ్, లూసీల్ పాకర్డ్ అను దంపతులు దానికొరకు సుమారు 5 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చిరి. పాత కార్ఖానా బాయిలర్లను దాచివేయలేదు. వచ్చినవారందరు చూచునట్లు లోపలనే యుంచిరి. తన గతమును దాచుకొనని ఇల్లది.

లోపల 28 అడుగుల యెత్తు గాజుగోడలుగల నీటితొట్టి యున్నది. అందులో కెల్ప్ అను సముద్రపు నాచు చెట్లవలె నిలిచి అడవియై పెరుగుచున్నది. దానికి ఎండ కావలెను గనుక పైకప్పు లేదు. అలలు కావలెను గనుక యంత్రముతో నీటిని కదలించుదురు. నీరు సముద్రమునుండియే వచ్చును. జనులకు స్పష్టముగా కనబడుటకై పగలు వడగట్టుదురు. రాత్రివేళ వడగట్టక విడుతురు. ఆ రాత్రి నీటితో కంటికి కనబడని పిల్లజీవులు, నాచు బీజములు వచ్చి లోపల నాటుకొనును. మనుష్యులు నిద్రించునప్పుడు దేవుని సముద్రము తన పని తాను చేయుచున్నది.

ఆ రాష్ట్రపు బడిపిల్లలు తరగతులుగా వచ్చినప్పుడు రుసుము లేకుండ చూపించుదురు. సముద్రమును నాశనము చేయక పట్టిన చేప ఏదో, కొనదగనిది ఏదో జనులకు తెలుపు పట్టికలను 1999లో ప్రారంభించిరి. సముద్రపు చేపలు మనకు తెలియజెప్పునని యోబు పలికినది (12:8) ఇట్టి చోట్ల అక్షరాల నెరవేరుచున్నది.

జక్కయ్యను జ్ఞాపకము చేసికొనుడి. అన్యాయపు ధనముతో నిండిన ఇంటిలోనే నిలువబడి, తీసికొనినదానిని నాలుగంతలుగా తిరిగి ఇత్తునని చెప్పెను. ప్రభువు ఆ ఇంటిని కూల్చివేయలేదు. ఆ ఇంటికే రక్షణ వచ్చెను. మారుమనస్సు అనగా కన్నీళ్లు మాత్రమే కాదు. తీసికొనిన చేయి తిరిగి ఇచ్చుట.

3. పెంపుడు తల్లి

నీటిలోని ప్రాణులను గాజుగోడల మధ్య పెట్టుట న్యాయమా అని ఒకరు అడుగవచ్చును. కేవలము వినోదమునకే యైనయెడల న్యాయము కాదు. అయితే అచ్చట జరిగిన మరియొక పనిని వినుడి.

ఆ సముద్రములో ఒక జాతి నీటికుక్క యున్నది. దాని బొచ్చు మిక్కిలి దట్టము గనుక వర్తకులు వేటాడి దాదాపు నిర్మూలము చేసిరి. 1911లో కొన్ని దేశములు కూడి వేటను నిషేధించునాటికి కాలిఫోర్నియా తీరమున సుమారు ఏబది మాత్రమే మిగిలెను. ఆ నీటికుక్క ముళ్లబంతులవంటి సముద్రజీవులను తినును. ఆ జీవులు కెల్ప్ నాచును తినును. నీటికుక్క పోయినచోట ముళ్లబంతులు ప్రబలి సముద్రపు అడవిని మేసివేయును. ఒకదానిని తీసివేసినచో పదింటికి నష్టము.

2001లో రోగముతో ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన టూలా అను ఆడ నీటికుక్కను ఆ శాలవారు కాపాడిరి. అది చచ్చిన పిల్లను కనెను. అదే సమయమున తల్లి లేని పిల్ల యొకటి దొరకగా దానిని టూలా దగ్గర విడిచిరి. అది ఆ పిల్లను చేర్చుకొని తన పిల్లవలె పెంచెను. నాటినుండి ఇట్టి పెంపుడు తల్లులచేత అనాథ పిల్లలను పెంచుట అచ్చట వాడుకయైనది. 2012లో చనిపోవునాటికి టూలా పదమూడు పిల్లలను పెంచెను. పిల్లలు మనుష్యులకు మరిగినచో సముద్రములో బ్రదుకలేవు. గనుక పనివారు ముఖమునకు ముసుగు, ఒంటికి నల్లని అంగీ వేసికొని తమ్మును తాము మరుగుచేసికొందురు. పెరిగినవాటిని సముద్రమునకు విడిచిపెట్టుదురు. ఎల్క్‌హార్న్ స్లూ అను ఉప్పుకయ్యలో పదునైదేండ్లలో పెరిగిన నీటికుక్కల సంఖ్యలో సగమునకు మించి ఇట్లు పెంచబడినవియు వాటి సంతానమునే యని 2019లో ప్రకటించిరి.

ప్రియులారా, పేరు కోరక, ముఖము మరుగుచేసికొని, పెంచినదానిని పోనిచ్చు ప్రేమ ఎంత గొప్పది! మన సేవ అట్లున్నదా?

4. మన మాట

మనకు అద్దాల శాల లేదు గాని ఊరి చెరువున్నది. గ్రుడ్లతోనున్న చేప ఎదురెక్కి వచ్చు కాలువ యున్నది. మందు కలిపి చెరువు చంపుకొనువారు, దోమతెరవంటి వలతో పిల్లచేపను సహా ఊడ్చువారు మన మధ్య లేరా? చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ప్రభుత్వమువారు మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను నిలుపుచున్నారు. ఆ దినములలో బెస్తవాని ఇంట పొయ్యి వెలుగుట కష్టమే. ఆ కష్టమును సంఘము పంచుకొనవలెను. పొరుగువాని బిడ్డలు పస్తుండగా తల్లిచేపను పోనిమ్మని ఉపదేశించుట సులభము. బియ్యపు మూటతో వాని గుమ్మము త్రొక్కుట ఉపదేశము కంటె మేలు.

మాంటెరేలో సార్డీను పట్టుట మరల మొదలై, చేప తగ్గగా 2015లో తిరిగి నిలిపిరి. పోగొట్టినది త్వరగా తిరిగి రాదు. గనుక పోగొట్టకమునుపే మేలుకొందము. మన బిడ్డలు వల వేయునాడు ఆ వల ఖాళీగా రాకుండునట్లు నేడే ఒక గూటిని విడిచిపెట్టుదము.

ప్రార్థన: సముద్రమును దానిలోని సమస్తమును చేసిన తండ్రీ, మా చేతులకు చాలు అను మాట నేర్పుము. మేము తీసికొనినదానిని తిరిగి ఇచ్చు మనస్సు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.