మూడక్షరముల పేరు

బాలసారెనాడు పళ్లెములో బియ్యము పరచి, తండ్రి బంగారుటుంగరముతో పేరు వ్రాయబోవు వేళ, "ఇందులో అక్షరములెన్ని?" అని పెద్దలలో నెవరో ఒకరు అడుగుట మన యిండ్లలో నున్నదే. ఆ ప్రశ్నకు మూలము కలదు. మగశిశువునకు రెండు గాని నాలుగు గాని అక్షరముల పేరును, ఆడశిశువునకు బేసిసంఖ్య గల పేరును పెట్టవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రము విధించినది. అక్షరమనగా అచ్చుతో కూడినది. వత్తులను వేరుగా లెక్కింపరాదు. లక్ష్మణ శబ్దమున ల, క్ష్మ, ణ అని మూడే అక్షరములు.

ఆడుబిడ్డల విషయమున చిక్కులేదు. కమల, జానకి, యశోద, వకుళ అన్నియు మూడక్షరములవే. కృష్ణుని పెంచియు ఆయన కల్యాణము చూడనోచుకొనని యశోదయే వకుళయై శేషాచలమున శ్రీనివాసుని పెండ్లి చేయించినదని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. అట్టి పేరు పెట్టి, పిమ్మట దానిని అర్థములేని రెండక్షరముల కూతగా కుదించి పిలుచువారిని చూచిన నాకు బాధ కలుగును.

చిక్కు మగబిడ్డలకు వచ్చును. పాఠశాల విడిచిన క్రొత్తలో నేను ఒక యింట నామకరణము చేయించితిని. ఏండ్ల తరబడి సంతానము లేక, కాలినడకన తిరుమల కొండనెక్కి, కొడుకు పుట్టినచో గోవిందుడని పిలుతుమని మ్రొక్కుకొనినవారు వారు. నేను సూత్రము చదివి, మూడక్షరములు పనికిరావంటిని. వారు భయపడి పద్మనాభుడని వ్రాసిరి. శిశువు నాయనమ్మ మారు పలుకలేదు.

ఎనిమిదేండ్ల తరువాత ఆ బాలుని ఉపనయనమునకు వెళ్లితిని. ఆ వృద్ధురాలు నన్ను ప్రక్కకు పిలిచి, "స్వామీ, మీరు వద్దన్నారు గాని, ఎవరూ లేనప్పుడు వాణ్ణి గోవిందా అనే పిలుస్తున్నాను. నా వల్ల పిల్లవాడికి కీడేమీ రాదు గదా?" అని అడిగినది. ఎనిమిదేండ్లు ఆ తల్లి భగవన్నామమును భయపడుచు పలికినది! ఆ భయము నేను పెట్టినదే.

నేను చదువని విషయమేమియు కాదు. దశరథుని కుమారులకు పేర్లు పెట్టినవాడు సాక్షాత్తు వసిష్ఠుడు. రామ శబ్దము రెండక్షరములది. భరత, లక్ష్మణ, శత్రుఘ్న శబ్దములు మూడేసి అక్షరములవి. సీతాదేవి పేరో, రెండే. కేశవాది ద్వాదశనామములలో కేశవ, మాధవ, గోవింద, వామన, శ్రీధర అను ఐదును మూడక్షరములవే. పేరు ఘోషాక్షరముతో మొదలై నడుమ య, ర, ల, వలలో నొకటి కలిగియుండవలెనని అదే సూత్రము చెప్పినది. గోవింద శబ్దమున గకారమును వకారమును ఉన్నవి. పైగా ఆ శిశువు పుట్టినది ఫాల్గునమున; ఆ మాసమునకు అధిదేవత గోవిందుడే. ఆ ఉదయము ఆచమనము చేయుచు ఆ నామమును నేనే ఉచ్చరించి, మరుఘడియలో దానిని కాదంటిని. సూత్రము త్రోవ చూపునదే గాని, మ్రొక్కు చెల్లించుకొనువారికి అడ్డుగోడ కాదని నాకప్పుడు తోచలేదు.

"అమ్మా, తప్పు నాది. నీవు పిలిచినదే ఆ బిడ్డకు పేరు," అంటిని.

ఆమె పైటచెంగుతో కన్నులు తుడుచుకొని, పెరటిలో నున్న వటువును, "గోవిందా! రా నాయనా, భోజనానికి వేళయింది," అని వీధివరకు వినవచ్చునట్లు పిలిచినది.