అగ్ని ఎవరి చేతిలోనిది?

మెక్సికో దేశపు తూర్పు తీరమున, కరేబియన్ సముద్రపు ఒడ్డున, తులూమ్ అను మాయా జనుల శిథిల నగరము కలదు. మూడు వైపుల రాతి ప్రాకారము. నాలుగవ వైపు సముద్రము. అక్కడ గుమ్మముపై తలక్రిందుగా దిగివచ్చుచున్న దేవతాశిల్పమును చూచినప్పుడు నాలో మొదట లేచిన మాట 'విగ్రహారాధన' అన్నదే. ఈ జనులు తమ్మును గూర్చి తామేమి వ్రాసికొనిరి అను ప్రశ్న తరువాత గాని రాలేదు.

వారికి లిపి కలదు. మేడి జాతి చెట్ల బెరడుతో చేసిన కాగితముపై వారు గ్రంథములు వ్రాసిరి. 1562 జూలైలో యుకటాన్‌లోని మనీ పట్టణమున డియేగో దె లాండా అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి దొరికిన గ్రంథములను కాల్పించెను. అనేకులను చిత్రహింసలు పెట్టించెను. గ్రంథముల కొరకు ఆ జనులు మిక్కిలి దుఃఖించిరని ఆయనే వ్రాసెను. నేడు మిగిలినవి నాలుగే.

ఎఫెసులోను పుస్తకములు కాల్చబడలేదా అని ఒకరడుగవచ్చును. అవును (అపొ. కా. 19:19). అయితే అచ్చట విశ్వసించినవారు తమ పుస్తకములను తామే తెచ్చిరి; ఏబదివేల వెండి రూకల నష్టమును తామే భరించిరి. మనీలో కాల్పించినవాడు తనదేదియు కోల్పోలేదు. పశ్చాత్తాపము తన సొత్తును కాల్చును. బలాత్కారము పొరుగువాని సొత్తును కాల్చును. ఏథెన్సులో విగ్రహములను చూచి పౌలు ఆత్మ పరితపించెను; అయినను బలిపీఠముపైని వ్రాతను చదివి, అక్కడనుండియే ప్రసంగించెను.

లాండా మనవాడు కాడని మనము తప్పించుకొనలేము. నా యౌవనమందు ఒక గ్రామములో, క్రొత్తగా విశ్వసించిన కుటుంబమువారు తాతలనాటి తాటాకుల కట్టను నాకు చూపిరి. చదువకయే, పొయ్యిలో వేయుడని చెప్పితిని. వారు లోబడిరి. చేతులు వారివి, తీర్పు నాది. అందులో మంత్రములుండెనో, మందుల వివరములుండెనో ఇక ఎవరికిని తెలియదు. అటుతరువాత నా జీవితమంతయు అనువాదమునకే అంకితమైనది. ఆ ఆకులు మాత్రము తిరిగి రాలేదు.

లాండా తన పుస్తకములో వ్రాసిపెట్టిన మాయా అక్షరములే, 1952లో యూరి క్నోరొజోవ్ అను రష్యా పండితునికి ఆ లిపిని చదువుటకు ఆధారమాయెను. దేవుడు మన పాపమునుండియు మేలు తీయగలడు. అంతమాత్రమున పాపము మేలు కాదు. మాయా జనులును అంతరింపలేదు. నేడు తమ భాషలోనే దేవుని వాక్యమును చదువుచున్నారు.

ప్రియ చదువరీ, సత్యము పొరుగువాని పుస్తకమునకు భయపడదు. కాల్చవలసినదేదైన నున్నయెడల, మొదట నీ యింట వెదకుము.