నన్ను చదివించింది ఏది?

బి.ఎడ్. విద్యార్థులకు అభ్యసన సిద్ధాంతాలు బోధించడం నా వృత్తి. పావ్‌లోవ్ కుక్క, థారన్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. ఈ వరుసను మా తరగతిలో ఎవరిని నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెబుతారు. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే. అందుకే ప్రేరణ పాఠం మొదలుపెట్టగానే ‘మేడమ్, ఇందులోంచి ఎన్ని బిట్లు వస్తాయి?’ అంటారు. ఆ మాటకు నాకు కోపం రాదు. వాళ్ల వయసులో నేనూ అలాగే అడిగాను. కానీ విన్నప్పుడల్లా నాలో ఇంకో ప్రశ్న లేస్తుంది. పిల్లల్లో చదవాలన్న కోరిక ఎలా పుడుతుందో చెప్పే నేను అసలు ఏ కోరికతో చదివాను?

పదో తరగతి మార్కుల కోసం చదివాను. ఇంటర్ ర్యాంకు కోసం. బి.ఎడ్. డీఎస్సీ కోసం. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందోనన్న భయం కూడా నన్ను చాలా ఏళ్లు చదివించింది. ఆ చదువు నాకు జీవనాధారం ఇచ్చింది, దాన్ని చులకన చేయను. అయితే అందులో ఎంత భాగం నాలో మిగిలిందని వెతికితే, పరీక్ష రాసి బయటికొచ్చాక మళ్లీ ముట్టుకోని పాఠాలే ఎక్కువ కనిపిస్తాయి.

ఎవరూ మార్కులు వేయకపోయినా నేర్చుకున్నది ఏమైనా ఉందా అని ఆలోచిస్తే చుక్కల ముగ్గు గుర్తొస్తుంది. ధనుర్మాసంలో పక్కింటి అత్తయ్య వాకిట్లో ముగ్గేస్తుంటే చలిలో నిలబడి చూసేదాన్ని. పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వరకు. ఆమె వేళ్ల సందుల్లోంచి పిండి ఎంత జారుతోందో, చెయ్యి ఎక్కడ తిరుగుతోందో కళ్లతోనే పట్టుకున్నాను. మా వాకిట్లో వేస్తే గీతలు కలిసేవి కావు. తుడిచి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఒక మూలను ఎలా తిప్పాలో తెలిస్తే మిగతా మూలలన్నీ అలాగే వస్తాయని ఒకరోజు తట్టింది. అత్తయ్య మొదట్లో చుక్కలు పెట్టిచ్చేది, తర్వాత లెక్క మాత్రం చెప్పేది, ఆ తర్వాత అదీ మానేసింది.

చాలా ఏళ్లకు సైకాలజీ నోట్సు తయారు చేసుకుంటుంటే, ఆ వాకిట్లో నేను సిలబస్ అంతా దాటానని అర్థమైంది. చూసి నేర్వడం బండూరా చెప్పిన పరిశీలనాభ్యసనం. గీసి తుడవడం థారన్‌డైక్ యత్నదోషం. ఒక్కసారిగా తట్టడం కోహ్లర్ అంతర్దృష్టి. పెద్దవాళ్ల తోడుతో చేయగలిగింది రేపు ఒంటరిగా చేయగలగడం వైగోట్‌స్కీ చెప్పిన సామీప్య వికాస మండలం. పుస్తకంలో ఒకదానితో ఒకటి పోటీ పడే సిద్ధాంతాలు ఒకే పిల్ల నేర్చుకునే పనిలో ఒక్కో దశను వివరిస్తున్నాయి. గీసి తుడవడం నాకు ఎందుకు నేర్పిందో, థారన్‌డైక్ తర్వాతి రోజుల్లో చేసిన ఒక ప్రయోగం చదివినప్పుడు ఇంకా స్పష్టమైంది. కళ్లు మూసుకుని ఒకే పొడవు గీతను పదేపదే గీయమని చెప్పి, ఎంత సరిగ్గా వచ్చిందో తెలియజేయకపోతే, ఎన్నిసార్లు గీసినా మెరుగు రాలేదు. కేవలం పునరావృతం నేర్పదని ఆయన గ్రహించి, తాను చెప్పిన అభ్యాస నియమాన్నే సవరించుకున్నాడు. ముగ్గులో నా ఫలితం ప్రతిసారీ నా కళ్ల ముందే ఉండేది. తప్పేదో, ఒప్పేదో చెప్పడానికి వేరొకరు అక్కర్లేదు.

తర్వాత మా వీధిలో సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టారు. స్టీలు గిన్నెలు బహుమతి. నేను వేసే ముగ్గులు మారాయి. నాకు నచ్చిన మెలికల ముగ్గు పక్కకు పోయి, చూసేవాళ్లను ఆకట్టుకునే రంగుల ముగ్గులు వచ్చాయి. పండగ అయిపోయాక వాకిట్లో చుక్కలు పెట్టాలన్న తహతహ మునుపటిలా లేదు. దానికి గిన్నె ఒక్కటే కారణమని చెప్పలేను, వయసు మారింది, పరీక్షలు దగ్గరపడ్డాయి. అయినా 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన అధ్యయనం చదివినప్పుడు ఆ పోటీలు గుర్తొచ్చాయి. బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, వేస్తే ధ్రువపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఆ పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునే వేళ బొమ్మల మీద గడిపిన సమయం మిగతావారితో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చిన బహుమతి ఆ నష్టం చేయలేదు. ముందే షరతుగా పెట్టిన బహుమతి, అప్పటిదాకా ఆటగా ఉన్నదాన్ని కూలిపనిగా మార్చింది.

ఇక్కడే నా మనసులో ఒక పెద్ద చిక్కు ఉంది. మైక్రో టీచింగ్‌లో పునర్బలన నైపుణ్యం నేర్పేది నేనే. ఆరు నిమిషాల పాఠంలో ఛాత్రోపాధ్యాయులు ‘గుడ్’, ‘వెరీ గుడ్’, ‘శభాష్’ ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టేదీ నేనే. మెప్పు చెడ్డదని నేను నమ్మను. భయపడే పిల్లకు ‘శభాష్’ ఊపిరి పోస్తుంది. ఆ మాట పిల్ల చేసిన పనిని ఆమెకు చూపిస్తోందా, ఉపాధ్యాయురాలి ముఖం వైపు చూడటం అలవాటు చేస్తోందా అన్నదే నన్ను వదలని సందేహం. ప్రోగ్రెస్ కార్డు ముందు నిలబడిన పిల్లగా, ఆ రెండో అలవాటు ఎంత లోతుకు దిగుతుందో నాకు తెలుసు.

ఈ సందేహంలో నాకు దారి చూపింది కాకినాడ. సాధనా ప్రేరణ పేరు వినగానే మా విద్యార్థులు మెక్‌క్లీలాండ్ అంటారు. ఆయన తన సిద్ధాంతాన్ని మన నేల మీద పరీక్షించాడన్నది బిట్ల పుస్తకంలో ఉండదు. 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో శిక్షణ ఇచ్చారు. 1969లో వింటర్‌తో కలిసి రాసిన పుస్తకంలో మెక్‌క్లీలాండ్ ఆ అనుభవాన్ని వివరించాడు. అందులో నన్ను పట్టి నిలిపింది శిక్షణ పద్ధతి. అక్కడ వ్యాపారులు తామే కథలు రాసి, ఆ కథల్లో తమ కోరికలు ఏ రూపంలో ఉన్నాయో తామే వెతుక్కున్నారు. ఎదుటివాడిని కదిలించే కిటుకు కంటే ముందు తమను కదిలిస్తున్నదేమిటో చూసుకున్నారు. ఉపాధ్యాయ శిక్షణకు అంతకంటే సరైన తొలిమెట్టు నాకు తెలియదు.

అందుకే ప్రేరణ నిర్వచనాలకు ముందు మా విద్యార్థుల చేత రాయిస్తాను: మార్కుల్లేకుండా నేర్చుకున్నదేమిటి, ఎవరి పక్కన నేర్చుకున్నారు, ఎక్కడ ఆగిపోయారు? ఈత, డప్పు, నాట్లు, బండి రిపేరు, కుట్టుమిషన్, తమ్ముడికి ఎక్కాలు నేర్పడం... ఇలాంటివి వస్తాయి. వాటిని చదువుతుంటే మనస్తత్వవేత్తలు డెసీ, రయాన్ చెప్పిన మూడు అవసరాలు పక్కపక్కనే దొరుకుతాయి. అక్కడ ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, చేతనవుతోందన్న అనుభవం ఉంది, మనవాళ్లున్నారన్న భరోసా ఉంది. ఆగిపోయిన చోట్ల ఈ మూడింటిలో ఏదో ఒకటి తెగి ఉంటుంది.

నా విద్యార్థుల నుంచి నేను నేర్చుకున్నదీ ఉంది. నోట్సులో అంతర్గత ప్రేరణ, బాహ్య ప్రేరణ అని రెండు గళ్లు గీస్తాం. డెసీ, రయాన్ వాటి మధ్య మెట్లు ఉన్నాయన్నారు. బయటి ఒత్తిడితో మొదలైన పని విలువ తెలిసేకొద్దీ మనిషి సొంతమవుతుంది. ఇంట్లో అమ్మానాన్నలు డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి బిట్లు చిన్న విషయం కాదు. ఉద్యోగం కోసమే బి.ఎడ్. పుస్తకం తెరిచిన నాకు, బడిలో ఒక పిల్లవాడు ఎందుకు నోరు విప్పడో తెలుసుకోవాలన్న పట్టుదల ఆ దారిలోనే వచ్చింది. కాబట్టి మార్కుల కోసం వచ్చినవాళ్లను నేను తక్కువగా చూడలేను. అక్కడి నుంచి పై మెట్టుకు రావడానికి వాళ్లకు తోడుండటమే నా పని.

చెప్పడానికి కష్టమైన మాట ఇంకొకటి ఉంది. ‘మీవల్లే వచ్చింది మేడమ్’ అన్న మాట నాకు చాలా ఇష్టం. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ బోధనలో ఊతం గురించి రాసిన నాటి నుంచి, పిల్లకు పట్టు చిక్కేకొద్దీ ఊతాన్ని తగ్గించాలని మేము పాఠం చెబుతూనే ఉన్నాం. ఇవ్వడం నాకు సులువు. తగ్గించడం కష్టం, ఎందుకంటే తగ్గించినకొద్దీ ఆ మాట వినే అవకాశమూ తగ్గుతుంది. నా ప్రేరణ కూడా కొంత బయటే ఉంది, నా విద్యార్థుల కృతజ్ఞతలో. దాన్ని గుర్తుపట్టకుండా వాళ్లకు స్వేచ్ఛ గురించి బోధిస్తే అది నోటిమాటగానే మిగిలిపోతుంది.

అందుకే టీచింగ్ ప్రాక్టీస్‌కు వెళ్లేవాళ్ల అబ్జర్వేషన్ రికార్డులో రెండు ప్రశ్నలు చేర్చాను. ఈ పీరియడ్‌లో పిల్లలు దేనికోసం పనిచేశారు? నా సాయాన్ని ఎక్కడ ఆపాను? నా పాఠానికి కూడా అవే ప్రశ్నలు వేసుకుని, రాసింది తరగతిలో చదివి వినిపిస్తాను. పిల్లల కోరికల జోలికి వెళ్లే వృత్తి మాది. ఆ పని చేపట్టేవాళ్లు ముందు తమ కోరికలేమిటో నలుగురి ముందు చెప్పగలగాలి. మొదట నేను చెప్పాలి.