వైద్యుని సంతకము

యోగశాస్త్రము సత్యమును, అస్తేయమును యమములలో చేర్చినది. ఇవి రెండు వ్రతములుగా కనబడినను, ఒక్క అసత్యాక్షరముచే రెండును భంగమగు సందర్భములు కలవు. రోగిని చూడకయే సేవ అవసరమని వైద్యుడు చేయు సంతకము అట్టిది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృద్ధులకును, కొందరు వికలాంగులకును ప్రభుత్వము మెడికేర్ అను ఆరోగ్యబీమాను నడుపుచున్నది. 1965లో శాసనమైన ఈ పథకము ఇల్లు కదలుట దుష్కరమైన రోగికి నర్సు సేవను, వ్యాయామచికిత్సను ఇంటియొద్దనే సమకూర్చును. సేవ చేయునది ఒక సంస్థ, ధనమిచ్చునది ప్రభుత్వము, సేవ అవసరమని ధ్రువపరచు బాధ్యత ప్రధానముగా వైద్యునిది. నాలుగు గోడల నడుమ జరుగు సేవను ప్రభుత్వము చూడజాలదు. తన పేర ఎంత సొమ్ము వసూలైనదో రోగి తరచు ఎరుగడు. కావున ఆ ధనాగారమునకు వైద్యుని మాటయే తాళపుచెవి.

ఆ తాళపుచెవి పరహస్తగతమైన నేమగును? టెక్సాస్ రాష్ట్రమున డాలస్ ప్రాంతపు వైద్యుడొకడు 2012లో నిర్బంధింపబడెను. దాదాపు 37 కోట్ల 50 లక్షల డాలర్ల మోసమని అభియోగము. అతని పేరును అతని సిబ్బందియే పత్రములపై వ్రాయుచుండిరని విచారణలో వెల్లడియైనది. 2016లో నేరము రుజువై, 2017లో 35 ఏండ్ల కారాగారశిక్ష పడెను.

దురాశాపరుని దోషము స్పష్టమే. దయాపరుని సంగతి అంత సులభము కాదు. ఒంటరిగానున్న వృద్ధురాలు లేచి తిరుగగలదు. కాని ఎవరైన వచ్చి పలుకరించిన బాగుండునని కోరును. ఆమెకై చిన్న అబద్ధము వ్రాసిన దోషమేమి? దానము తనదానినుండి చేయవలయును. పరధనముతో చేసినది దానము కాదు. అందరికై కూర్చిన నిధి తరిగిన కొలది నిజముగా మంచము పట్టినవాని వంతు తరుగును. అంతేకాక, లేని వ్యాధి ఆమె చికిత్సాపత్రములో నిలిచి రేపటి వైద్యుని తప్పుదారి పట్టింపవచ్చును. సత్యమును విడిచిన కరుణ తాను కరుణింపదలచిన వారికే కీడు చేయును.

శిక్షాభయముచే అర్హుని నిరాకరించుటయు అధర్మమే. దేవాలయమునకో, చర్చికో అప్పుడప్పుడు పోయినంతమాత్రమున రోగి అర్హత పోదని ఆ నియమములే అంగీకరించుచున్నవి. వలసినది కాఠిన్యము కాదు, చూపు.

2010 నాటి శాసనము సేవారంభసమయమున రోగిని ముఖాముఖిగా చూచి తీరవలెనని విధించినది. అరువదిదినములకొకమారు అవసరమును మరల ధ్రువపరచవలయును. ఈ విధులను మనసుపెట్టి నిర్వర్తించుటయే వైద్యుడు చేయదగిన మొదటి సాయము. ఖాళీపత్రముపై సంతకము చేయరాదు. సంస్థ వ్రాసి తెచ్చిన చికిత్సాక్రమమును చదువకయే ఒప్పుకొనరాదు. రోగులను పంపినందుకు కానుక గ్రహింపరాదు. సంస్థను ఎన్నుకొను స్వేచ్ఛను రోగికే విడువవలెను. నర్సు నిజముగా వచ్చుచున్నదా యని రోగిని అడుగవలెను. ఉచితవస్తువుల నాశచూపు అపరిచితులకు బీమాకార్డు సంఖ్యను చెప్పవద్దని హెచ్చరింపవలెను. మోసము కనబడినచో అధికారులకు తెలుపవలెను. మౌనము ఆ మోసమునకు తోడుపడును.

ఇవన్నియు చిన్నపనులే, పేరు తెచ్చునవి కావు. ఎవరును చూడనిచోట సత్యమును కాపాడుటయే వ్రతము. రోగిని నారాయణునిగా సేవింపగోరు వైద్యునికి, ఆ నారాయణుని పేర అబద్ధము వ్రాయకుండుటయే మొదటి అర్చన.